చిన్న తైలవర్ణ చిత్రం: చరిత్రకు ఒక ఆధారం

పరిచయం

చరిత్రకు ఆధారాలనగానే మనకు శాసనాలు, నాణేలు, ఫర్మానాలు, రెవెన్యూ రికార్డులు గుర్తుకు వస్తాయి. అరచేతి కంటే కొంచెం పెద్దదైన తైలవర్ణ చిత్రం ఆ జాబితాలో కనిపించదు. చిత్రకారులు కూడా చాలాకాలం దానిని పెద్ద చిత్రానికి ముసాయిదాగానే చూశారు. అయితే ఒకే ప్రదేశాన్ని క్రమం తప్పకుండా, తేదీ వేసి చిత్రించినప్పుడు ఆ చిత్రాల వరుస చరిత్రకారుడికి పనికివస్తుంది. అది ఎలాగో, దాని పరిమితులేమిటో ఈ పాఠంలో కోకాపేట ఉదాహరణతో పరిశీలిద్దాం.

ఈ అభ్యాసం ఎలా ఏర్పడింది?

1780లలో ఫ్రెంచి చిత్రకారుడు వలాన్సియెన్ రోమ్‌లో కాగితంపై తైలవర్ణాలతో చిన్న అధ్యయన చిత్రాలు వేశారు. ఒకే ఇంటి కప్పును ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చిత్రించారు. ఆరుబయట వేసే చిత్రానికి రెండు గంటలకు మించి తీసుకోవద్దని, సూర్యోదయ సూర్యాస్తమయాలకైతే అరగంటే గడువని 1800లో వెలువడిన గ్రంథంలో సూచించారు. కారణం స్పష్టమే: వెలుతురు మారితే నీడలు, రంగులు మారిపోతాయి. అంత తక్కువ వ్యవధిలో పూర్తి కావాలంటే చిత్రం చిన్నదిగానే ఉండాలి.

ఇంగ్లండులో జాన్ కాన్‌స్టేబుల్ 1821-22లో హాంప్‌స్టెడ్ ఆకాశాన్ని పదేపదే చిత్రించారు. చాలా చిత్రాల వెనుక తేదీ, వేళ, గాలి తీరు రాసుకున్నారు. ఆ రాత వల్లనే అవి నేడు వాతావరణ చరిత్రకు కూడా ఉపయోగపడుతున్నాయి.

ఆ రోజుల్లో నూరిన రంగులను పంది మూత్రాశయపు తిత్తుల్లో నిల్వ చేసేవారు. తిత్తికి రంధ్రం చేశాక రంగు ఎక్కువకాలం నిలిచేది కాదు. 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ ర్యాండ్ తగరపు ట్యూబుకు పేటెంట్ పొందారు. దానితో రంగులను బయటికి తీసుకెళ్లడం సులువైంది.

తెలుగు నేలపై

తైలవర్ణ విద్య మన దేశంలో ప్రధానంగా మద్రాసు, బొంబాయి కళాపాఠశాలల ద్వారా విస్తరించింది. దామెర్ల రామారావు 1916లో బొంబాయి జె.జె. పాఠశాలలో చేరి, తిరిగి వచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల స్థాపించారు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే మరణించారు. కరీంనగర్ ప్రాంతానికి చెందిన పి.టి. రెడ్డి (1915-1996) కూడా అదే పాఠశాలలో చదివి, తర్వాత హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. దామెర్ల చిత్రాలు నేటికీ మనకు లభించడానికి రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీ ముఖ్య కారణం. వేసిన చిత్రాన్ని ఎవరో ఒకరు భద్రపరిస్తేనే అది ఆధారంగా మిగులుతుంది.

కోకాపేట ఉదాహరణ

1908 మూసీ వరదల తర్వాత 1920లో నిర్మాణం పూర్తయిన ఉస్మాన్‌సాగర్, అంటే గండిపేట చెరువు, కోకాపేటకు దగ్గరలోనే ఉంది. ఈ ప్రాంతపు గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. వాటి పక్కనే ఇప్పుడు ఆకాశహర్మ్యాలు లేచాయి. హెచ్‌ఎండీఏ 2021 జూలైలో ఇక్కడ 49.94 ఎకరాలను వేలం వేస్తే సుమారు 2,000 కోట్ల రూపాయలు వచ్చాయి. 2023 ఆగస్టు వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది.

వేలం పత్రం ధరను, విస్తీర్ణాన్ని చెబుతుంది. ఉపగ్రహ చిత్రం పైనుంచి వచ్చిన మార్పును చూపుతుంది. నేలమీద నిలబడిన మనిషికి ఏ గుండు కనిపించేది, ఏది కనుమరుగైంది అన్నది ఆ రెండింటిలోనూ దొరకదు. ఇక్కడి నివాసి ఒకరు ప్రతి ఆదివారం ఒకే చోట నిలబడి, 6×8 అంగుళాల పలకపై గంటలో ఒక చిత్రం వేస్తున్నారనుకుందాం. ఏడాదికి 52 చిత్రాలవుతాయి. ఒక్కటి విడిగా చూస్తే అందమైన దృశ్యం మాత్రమే. వరుసగా పేరిస్తే గుట్ట తరగడం, భవనం పెరగడం కనిపిస్తాయి.

పరిమితులు

చిత్రకారుడు క్రేనును వదిలేయవచ్చు. గుండును పెద్దది చేయవచ్చు. కాబట్టి చిత్రంలో లేనిది నేలమీద కూడా లేదని నిర్ధారించరాదు. ఫొటోలతో, భూమి రికార్డులతో పోల్చి చూడాలి. అయితే గంటసేపు చూసి ఏది ఉంచారో, ఏది తీసివేశారో గమనిస్తే, ఆ కాలపు మనిషికి ఏది విలువైనదిగా తోచిందో తెలుస్తుంది. అదీ చరిత్రే.

ముగింపు

గుట్టను ఒకసారి పేల్చాక మళ్లీ చూడలేం. దానిని చూసినవారు నేడు మన మధ్య ఉన్నారు, రేపు ఉండరు. అందువల్ల ఈ అభ్యాసానికి గొప్ప నైపుణ్యం కంటే క్రమం ముఖ్యం. చిత్రం వెనుక తేదీ, వేళ, నిలబడిన చోటు తప్పక రాయాలి.

అభ్యాసం: మీ ఊరిలో మారుతున్న ఒక స్థలాన్ని ఎంచుకుని, దాని చరిత్రకు చిత్రం, ఫొటో, భూమి రికార్డు వేర్వేరుగా ఏమి అందిస్తాయో 20 పంక్తులలో రాయండి.