పదహారణాల పంట – లెక్కకెక్కని కొండ చేను

పంట నిండుగా పండితే పదహారణాల పంట అంటాం. ఈ మాట వెనుక ఒక చరిత్ర ఉంది. రూపాయికి 16 అణాలున్న రోజుల్లో రెవెన్యూ ఉద్యోగులు చేను చూసి, నిండు పంటలో ఎన్ని అణాల వంతు పండిందో కంటి అంచనాతో రాసేవారు. దాని పేరు అణావారీ. శిస్తు తగ్గించాలా, కరువు ప్రకటించాలా అనేది ఆ అంకెను బట్టే తేల్చేవారు.

వాన లెక్క వేరుగా సాగింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఆ వెంటనే వచ్చిన 1876–78 కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. 1886 నుంచి రుతుపవనాల గురించి క్రమం తప్పకుండా ముందుగా చెప్పడం మొదలైంది. పంట లెక్క మాత్రం చాలాకాలం కంటి చూపు మీదే నడిచింది. 1940ల్లో మహలనోబిస్, సుఖాత్మే వంటి గణాంక శాస్త్రవేత్తల కృషితో పంటకోత ప్రయోగాలు బలపడ్డాయి. లాటరీ పద్ధతిలో చేను ఎంచి, అందులో చిన్న చదరం కొలిచి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. నేటి పంటల బీమాకు కూడా ఈ తూకమే ముఖ్య ఆధారం.

వరికి ఈ పద్ధతి సరిపోతుంది. మన పోడు చేనుకు సరిపోదు. ఒకే చేనులో కొర్ర, సామ, చోడి, కంది కలిపి చల్లుతాం. కొర్ర ముందు కోతకొస్తుంది, చోడి ఆ తర్వాత, కంది సంక్రాంతి నాటికి. ఒక్కరోజు కోసి తూచితే ఏ పంట లెక్క తేలుతుంది? పైగా 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడును సాగుగా కాక, అడవికి చేసే నష్టంగా చూశారు. ఆ చూపులో మన గింజలకు లెక్కల పుస్తకంలో చోటు దొరకలేదు.

ఇప్పుడు వాతావరణ మార్పు వల్ల దిగుబడి ఎంత తగ్గుతుందో కంప్యూటర్ నమూనాలతో అంచనా వేస్తున్నారు. గోధుమ, మొక్కజొన్న దిగుబడులకు చాలా ప్రాంతాల్లో ఇప్పటికే నష్టం జరిగిందని, వరి మీద ప్రభావం అంతకన్నా తక్కువని 2014లో అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ చెప్పింది. అయినా అనిశ్చితి తీరలేదు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే వరి, కంది వంటి పంటలు కొంత ఏపుగా పెరగవచ్చు. కానీ వరి గింజలో మాంసకృత్తులు, జింకు తగ్గుతాయి. చోడి, కొర్రలకు ఆ లాభం పెద్దగా ఉండదు. అవి ఎండను, నీటి ఎద్దడిని ఓర్చుకుంటాయి. ఇక తుపాను దెబ్బ వేరు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ కొండల మీద కాఫీ తోటల నీడచెట్లను కూల్చింది. ఏడాది సగటు వర్షపాతంలో ఆ నష్టం కనిపించదు.

నమూనా సరైనదో కాదో తేల్చేది పాత దిగుబడుల లెక్కే. మన చేలకు ఆ లెక్క లేదు. అందుకే "సామలో ఏముంది, జీడిమామిడో పత్తో వేయండి" అని ఎవరైనా అంటే, మన దగ్గర చూపడానికి అంకె ఉండదు. ఒక్క పంటనే నమ్ముకుంటే, అది పోయిన ఏడు ఇంట్లో గింజ ఉండదు. కలిపి చల్లిన చేనులో ఒకటి పోయినా ఇంకొకటి నిలవవచ్చు. ఎంత నిలుస్తుందో చెప్పాలంటే కొలవాలి.

ఉపాధ్యాయులారా, ఈ పని బడిలో మొదలుపెట్టవచ్చు. ప్రతి పిల్లా తన ఇంటి చేను గురించి రాయాలి: తొలివాన ఏ రోజు పడింది, ఏ విత్తనం ఎంత చల్లారు, ఏ పంట ఎన్ని కుంచాలు వచ్చింది, కొర్రకొత్త ఏ తేదీన చేశారు. కుంచాన్ని ఒకసారి కిలోల్లో తూచి పెట్టుకోవాలి. ముసలివాళ్లకు గుర్తున్న కరువు ఏళ్లను అడిగి వేరే పేజీలో రాయాలి.

ఒక ఏడాది పంట పోతే అది వాతావరణ మార్పేనని చెప్పలేం. శాస్త్రవేత్తలు మామూలుగా 30 ఏళ్ల సగటు చూస్తారు. ఈ ఏడు ఆరో తరగతి పిల్ల రాసే పుస్తకం వెంటనే జవాబు ఇవ్వదు. కానీ ఆమె పిల్లలు బడికెళ్లే నాటికి, మన కొండ పంట ఎన్ని అణాలో చెప్పడానికి పైవాడి కంటి చూపు అక్కర్లేదు.