బోయర్ యుద్ధం నుంచి బందరు కళాశాలకు

పింగళి వెంకయ్య అనగానే జెండా గుర్తొస్తుంది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీజీకి ఆయన నమూనా అందించిన సంగతి బడిపిల్లలు కూడా చెబుతారు. కానీ అంతకుముందు ఆయన సిపాయి. సిపాయి ఉద్యోగం అయ్యాక మళ్లీ విద్యార్థి. ఆయన జీవితంలో ఈ మధ్య ఘట్టాన్ని మనం పెద్దగా పట్టించుకోలేదు. మన ఊళ్ల నుంచి మిలటరీకి వెళ్లి తిరిగొచ్చే కుర్రాళ్లకు మాత్రం తెలియాల్సింది అదే.

వెంకయ్య 1876 ఆగస్టు 2న బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టారు. దివిసీమలోని పెదకళ్లేపల్లిలో కొంతకాలం పెరిగి, బందరులో హైస్కూలు చదివారు. పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరారు. 1899లో మొదలైన బోయర్ యుద్ధం ఆయన్ను దక్షిణాఫ్రికాకు తీసుకెళ్లింది. గాంధీజీ దాదాపు 1,100 మంది భారతీయులతో అంబులెన్స్ దళం నడిపిన యుద్ధం అది. వాళ్లిద్దరికీ పరిచయమైంది ఆ గడ్డ మీదే.

తిరిగొచ్చాక కొన్నాళ్లు రైల్వే గార్డుగా చేశారు. సైన్యం నుంచి వచ్చినవాడికి అంతకంటే నిలకడైన కొలువు ఏముంటుంది? చాలామంది అక్కడే స్థిరపడేవారు. వెంకయ్య మాత్రం లాహోర్ వెళ్లి ఆంగ్లో వేదిక్ కళాశాలలో చేరారు. ఉర్దూ, జపనీస్ నేర్చుకున్నారు. 1905లో జపాన్ రష్యాను ఓడించాక ఆ దేశం పేరు వింటేనే మన యువకులకు ఉత్సాహం పొంగుకొచ్చిన కాలమది. 1913లో బాపట్లలో ఆయన జపనీస్ భాషలో గడగడా ఉపన్యసించేసరికి జనం ‘జపాన్ వెంకయ్య’ అని పేరు పెట్టారు. కంబోడియా పత్తి మీద పరిశోధన చేస్తే ‘పత్తి వెంకయ్య’ అయ్యారు. భూగర్భశాస్త్రంలో దిగి వజ్రాల వెంట పడితే ‘డైమండ్ వెంకయ్య’ అన్నారు. ఒక్కో పేరు వెనకా ఓనమాల నుంచి మొదలెట్టిన కొత్త చదువొకటి ఉంది.

ఇదంతా ఆయన ఒక్కరి పట్టుదలేనంటే నేను ఒప్పుకోను. మునగాల రాజా నాయని వెంకట రంగారావు నడిగూడెంలో ఆయన పత్తి ప్రయోగాలకు అండగా నిలిచారు. ఇక బందరులో కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు కలిసి 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల ఉండనే ఉంది. వందేమాతరం ఉద్యమ వేడిలోంచి, సర్కారీ చదువుకు బదులుగా పుట్టిన సంస్థ అది. అక్కడ పుస్తకంతో పాటు మగ్గం, వడ్రంగం కూడా చదువే. దేశాలు తిరిగి, తుపాకీ పట్టి, పత్తి పండించి వచ్చిన మనిషిని ఆ కళాశాల అధ్యాపకుడిగా కూర్చోబెట్టింది. ఆయన అనుభవాన్ని విద్యగా లెక్కగట్టింది. అక్కడ ఉన్న రోజుల్లోనే, 1916లో, ముప్పై జెండా నమూనాలతో పుస్తకం తెచ్చారు.

సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లకు మళ్లీ చదువు దొరకాలన్న ఈ అవసరాన్ని గుర్తించి అమెరికా 1944లో చట్టమే చేసింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన సైనికుల్లో దాదాపు 22 లక్షల మంది ఆ చట్టం ఇచ్చిన సాయంతో కాలేజీ మెట్లెక్కారు. తర్వాతి తరాల మాజీ సైనికులు క్యాంపస్‌లలో ఒకరికొకరు తోడుగా సంఘాలు పెట్టుకున్నారు.

మనకు ఆ అవసరం గుమ్మంలోకి వచ్చేసింది. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ సైనిక నియామక పథకం కింద చేరినవారిలో నాలుగేళ్ల తర్వాత సైన్యంలో కొనసాగేది 25 శాతం వరకే. మిగతావాళ్లలో చాలామంది పాతికేళ్లయినా నిండకుండానే ఇంటికొస్తారు. శిక్షణను సగం క్రెడిట్లుగా లెక్కగట్టి ఇగ్నో డిగ్రీ ఇస్తామన్నారు. మంచిదే. అయితే దూరవిద్యలో పక్క బెంచీ ఉండదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పరేడ్‌కు వెళ్లిన కుర్రాడు ఇంటర్ ముగించి వచ్చిన పిల్లల మధ్య కూర్చుంటే, వాడి మాట వాడికే కొత్తగా ఉంటుంది. ముందుగా ఆ దారిన వచ్చిన అన్న ఒకడు అదే కాలేజీలో ఉంటే సగం బెరుకు పోతుంది. 2008లో ఏర్పడిన బందరు కృష్ణా విశ్వవిద్యాలయం, గుడివాడ, అవనిగడ్డ కాలేజీలు ఆ అన్నల్ని వెతికి పిలవాలి. మాజీ సైనికులున్న సీమ ఇది. పిలిస్తే కాదనరు.