నర్సుల సాధికారత, రోగుల సంతృప్తి: ఆలంపూర్ నుండి ఒక పరిశీలన

ఆసుపత్రిలో రోగి పొందు తృప్తికి వైద్యుని నైపుణ్యమే మూలమని లోకము తలంచుచుండును గాని, వైద్యుడు మంచముచెంత నిలుచు కాలము స్వల్పము. సెలైన్ సీసా ఖాళీయైనను, కుట్లు సలిపినను, ఇంటికి ఎప్పుడు పంపెదరో తెలియగోరినను, రోగి పిలుచునది ‘సిస్టరమ్మా’ యనియే. ఆ పిలుపునకు తానే బదులిచ్చు అధికారము లేనియెడల, ఆమె యెంత దయామయురాలైనను ‘డాక్టరు సారు రానీ’ అనుటకంటె వేరేమియు చెప్పజాలదు. నర్సు సాధికారతకును రోగి సంతృప్తికిని గల సంబంధమును ఈ తావుననే వెదుకవలెనని నా విశ్వాసము.

ఉద్యోగి శక్తికి సంస్థయొక్క నిర్మాణమే ప్రధానాధారమని రోజబెత్ మాస్ కాంటర్ 1977లో ప్రతిపాదించి, సమాచారము, వనరులు, అండ, ఎదుగుదలకు అవకాశము అను నాల్గింటిని పేర్కొనెను. కెనడాలో హెదర్ లాషింగర్ దానిని నర్సులకు అన్వయించి కొలమానములు నిర్మించెను. 2008లో అమెరికాలో వెలువడిన యొక పరిశోధన, నర్సుల సాధికారతానుభూతికిని రోగుల సంతృప్తికిని అనుకూల సంబంధము కలదని తెలిపెను. అయినను మంచి నిర్వహణ యున్నచోట రెండును కలసియే పెరుగవచ్చును గనుక, ఒకటి రెండవదానికి కారణమని అంతమాత్రమున తేల్చరాదు.

మన రాష్ట్రమున దీనికి మిక్కిలి సమీపమైన నిదర్శనము కాన్పుగదిలో లభించును. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి తెలంగాణ కాన్పులలో 60.7 శాతము ఆపరేషన్ ద్వారా జరిగినవి. అనవసరపు ఆపరేషన్లను తగ్గింపగోరి, ఆ సర్వేకు రెండేండ్లు ముందే, 2017లో, ప్రభుత్వము ఫెర్నాండెజ్ ఆసుపత్రితోను యూనిసెఫ్‌తోను కలసి కరీంనగరులో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ నారంభించెను. నొప్పులు పడు స్త్రీని వెల్లకిల పరుండబెట్టక నడువనిచ్చుట, నడుము నిమురుట, తల్లినో అక్కనో ప్రక్కన నిలువనిచ్చుట, చిక్కులేని కాన్పును తానే నడిపి చిక్కు తలయెత్తగనే వైద్యునికి తెలుపుట ఈ విద్యయందలి ముఖ్యాంశములు. నిర్ణయించు హక్కు చేతికందిన నర్సు ఓపికతో కాచుకొనగలదు; ఆ ఓపికయే కాన్పుకు వచ్చిన స్త్రీకి ధైర్యమగును.

తుంగభద్ర యొడ్డుననున్న ఆలంపూర్‌లో నర్సుకు అధికారమెంత యను ప్రశ్న మరింత తీవ్రమైనది. కష్టమైన కేసు వచ్చినచో నది దాటి, పొరుగు రాష్ట్రమునకు చెందిన కర్నూలు పెద్దాసుపత్రికి పోవుట ఇచటివారికి పరిపాటి. రాత్రి డ్యూటీలోనున్న నర్సుకు, ఎప్పుడు పంపవలెనో నిశ్చయించుటకును, ఏ మందు ఏ వేళ నిచ్చినదో చీటీపై వ్రాసి యిచ్చుటకును, ఏల పంపుచున్నారో ఇంటివారికి విడమరచి చెప్పుటకును అధికారముండవలెను. చెప్పక పంపిన రోగి తన్ను తరిమివేసిరనియే భావించును.

ఇక సంతృప్తిని కొలుచు విధము. ఆసుపత్రి గుమ్మమున అడిగినచో, రేపు మరల రావలసినవారు గనుక, ‘బాగానే సూసినారమ్మా’ అనియే పలుకుదురు. కావున వారిని ఇంటివద్ద, ఆసుపత్రికి సంబంధింపని వారిచేత, పిలిచిన ఎంతసేపటికి బదులు వచ్చెనో, ఎవరు చెప్పిరో అడిగింపవలెను. నర్సులను సైతము వేరుగా, ఏ పనికి ఎవరి అనుమతికై ఎంతసేపు వేచిరో ప్రశ్నింపవలెను. ఈ రెండు కాలములను ఒకదాని ప్రక్కన నొకటి యుంచి చూచు పరిశోధన ఆలంపూర్ వంటి చిన్న ఆసుపత్రిలోనే ముందుగా జరుగదగినది.