రాజమండ్రిలో దిగడం వేరు, రాజమండ్రి చూడ్డం వేరు

రెండేళ్ళ క్రితం ఆన్‌సైట్ పని మీద పారిస్‌లో ఉన్నప్పుడు లాంగ్ వీకెండ్‌కి చవగ్గా టికెట్ దొరికితే మొరాకోలోని ఫెస్ నగరం చూసొచ్చాను. ఒకప్పటి రాజధాని. చుట్టూ ప్రహరీ గోడలు, లోపల గాడిదలు తప్ప బండి పట్టని సందులు, 859లో మొదలుపెట్టిన ఖరావియ్యీన్ మసీదు. ఫొటోలు తీసి తీసి ఫోన్ నిండిపోయింది. నేను దిగిన చిన్న హోటల్లో పెద్దాయన రాత్రి పుదీనా టీ పోస్తూ "మీ ఊరికి దగ్గర్లో పాత రాజధాని ఏది?" అని అడిగాడు. ఠక్కున హైదరాబాద్ అనేశాను.

పడుకున్నాక గానీ వెలగలేదు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మాకు హైదరాబాద్ ఎక్కడ, ఎంత దూరం? మాకు దగ్గరి రాజధాని రాజమండ్రి కదా! చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. కానీ అదంతా గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగడం, కాంప్లెక్స్‌లో రావులపాలెం మీదుగా పోయే బస్సు పట్టుకోవడం, అంతే. కోనసీమ వాళ్ళకి రాజమండ్రి అంటే రైల్వే స్టేషను, పెద్దాసుపత్రులు, పెళ్ళి బట్టలు. ఊరు చూడ్డానికని ఎవరైనా వెళ్తారా?

మొన్న సంక్రాంతికి వెళ్ళాను. ఊరికే చూడ్డానికే.

నిజం చెప్పాలంటే మొదటి రెండు గంటలూ ఉసూరుమనిపించింది. రాజరాజ నరేంద్రుడి కోట ఎక్కడ అని అడిగితే ఆటో అబ్బాయి "కోటగుమ్మం తీసుకెళ్తానండి" అన్నాడు. ఆ పేరే మిగిలింది, కోట లేదు. సారంగధర మెట్ట ఉంది గానీ, ఆ సారంగధరుడి కథకి శాసనాల్లో ఆధారం లేదు. చిత్రాంగి మోహించడం, కొడుకు కాళ్ళూ చేతులూ నరికించడం, ఇదంతా తర్వాతి వాళ్ళు కట్టుకున్న కథ. ఆ కథలు రాసినవాళ్ళ పుణ్యమా అని పాపం నరేంద్రుడికి వెయ్యేళ్ళ తర్వాత కూడా చెడ్డపేరే. నిజంగా ఆయన కొడుకు రాజేంద్రుడు వేరే దారి పట్టాడు. తల్లి అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురు. నాయనమ్మ కుందవ్వ రాజరాజ చోళుడి కూతురు. ఆ చుట్టరికంతో 1070లో చోళ సింహాసనమే ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. మన భాషలో చెప్పాలంటే ఆన్‌సైట్ వెళ్ళి అక్కడే సెటిలైపోయాడన్నమాట. రాజమండ్రి మళ్ళీ అంత పెద్ద రాజ్యానికి రాజధాని కాలేదు.

అసలు ఊరి పేరు కూడా నరేంద్రుడి వల్లే వచ్చిందా అంటే అదీ గొడవే. రాజమహేంద్ర అనే బిరుదు 10వ శతాబ్దపు అమ్మరాజుకే ఉంది, కాబట్టి వేంగి (ఇప్పటి ఏలూరు దగ్గర పెదవేగి) వదిలి ఇక్కడికి వచ్చింది అప్పుడే అని కొందరు చరిత్రకారుల మాట. నాకు ఇదే సబబనిపిస్తుంది. 1022లో పట్టాభిషేకం జరిగిన నరేంద్రుడికి ఊళ్ళు కట్టే తీరిక ఎక్కడిది? సవతి తమ్ముడు విజయాదిత్యుడితో జీవితాంతం పోరు. మధ్యలో కొన్నేళ్ళు సింహాసనమే పోయింది. చోళ సైన్యం వచ్చి మళ్ళీ నిలబెట్టింది. ఆ యుద్ధంలో పోయిన ముగ్గురు చోళ సేనానుల పేరిట గుళ్ళు కట్టించినట్టు కలిదిండి శాసనం చెప్తుంది. ఈ గందరగోళం మధ్య కూర్చుని నన్నయ చేత భారతం రాయించాడు చూడండీ, అది గొప్ప.

మెయిన్ రోడ్డులోని జామియా మసీదు దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాను. అందులోని పారశీక శాసనం ప్రకారం 1324 సెప్టెంబరులో, హిజ్రీ 724 రంజాన్ నెలలో, సాలార్ ఉల్వీ అనే అతను కట్టించాడు. అంతకు ముందు ఏడాదే ఉలుగ్ ఖాన్ ఓరుగల్లు పట్టుకున్నాడు. అక్కడ వేణుగోపాల స్వామి గుడి ఉండేదని ఊళ్ళో చెప్పుకుంటారు. ఈ మాట ఎత్తగానే మన వాట్సాప్ గ్రూపుల్లో ఏమవుతుందో మీకు తెలుసు. ఒకరు ఆ మాట పలకొద్దంటారు, ఇంకొకరు అది తప్ప ఇంకేం పలకొద్దంటారు. నేను చెప్పేది ఒకటే. యుద్ధం జరిగింది, దాచక్కర్లేదు. అలాగే 700 ఏళ్ళుగా అక్కడ నమాజు చేస్తున్నవాళ్ళు కూడా ఈ ఊరివాళ్ళే.

ఇక్కడే ఫెస్ మళ్ళీ గుర్తొచ్చింది. ఆ మసీదు కట్టిన తొమ్మిది నెలలకి, 1325 జూన్‌లో, మొరాకోలోని టాంజియర్ నుంచి ఇబ్న్ బటూటా అనే 21 ఏళ్ళ కుర్రాడు ఇల్లు వదిలి బయల్దేరాడు. 1334 నాటికి ఢిల్లీ చేరి ఖాజీ ఉద్యోగం సంపాదించాడు. ఉద్యోగం ఇచ్చింది ఎవరనుకున్నారు? మహమ్మద్ బిన్ తుగ్లక్, అంటే మన ఓరుగల్లు పట్టుకున్న ఆ ఉలుగ్ ఖానే. తర్వాత దేశాలన్నీ తిరిగి, ఫెస్‌లో కూర్చుని తన కథంతా చెప్పి రాయించాడు. అది 1355లో పూర్తయింది. తెలుగు తీరానికి వచ్చినట్టు అందులో లేదు. వచ్చి ఉంటే మన గురించి నాలుగు ముక్కలు దొరికేవి కదా అనిపించింది.

మరి ఫెస్ అలా నిలిచి, మనది ఇలా ఎందుకయింది? మన వాళ్ళకి శ్రద్ధ లేదు అనేసి చేతులు దులుపుకోవడం తేలిక. 1912లో ఫ్రెంచి వాళ్ళు వచ్చి రాజధానిని రబాత్‌కి మార్చేశారు. ఫెస్‌లో కొత్త ఊరిని పాత ఊరి బయట కట్టారు. అది ప్రేమతో కాదు, తామూ స్థానికులూ విడివిడిగా ఉండాలని. దాంతో పాత ఊరు పాతగానే ఉండిపోయింది. రాజమండ్రికి ఆ వెసులుబాటు లేదు. తుగ్లక్, రెడ్లు, గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్ షాహీలు, 1753లో ఫ్రెంచి బుస్సీ, 1758 చందుర్తి యుద్ధం తర్వాత ఇంగ్లీషు వాళ్ళు. ప్రతివాడూ అదే చోట, పాతదాని మీదే కట్టాడు. బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్ సర్వర్ మీద వెయ్యేళ్ళు ఓవర్‌రైట్ చేస్తే ఏం మిగులుతుంది?

కానీ బ్యాకప్ ఒకటి ఉంది. అది రాజమండ్రిలో కాదు, మా కోనసీమ పేరు మీద.

నందంపూడి మా ఊరికి సైకిల్ దూరం. 1053లో చంద్రగ్రహణం రోజున రాజరాజ నరేంద్రుడు ఈ ఊరిని నారాయణ భట్టుకి దానమిచ్చాడు. భారత రచనలో నన్నయకి సాయపడ్డ నారాయణ భట్టే. ఆ రాగి రేకుల శాసనం రాసింది స్వయంగా నన్నయ. సంస్కృతం, కన్నడం, ప్రాకృతం, పైశాచి, తెలుగు, ఇన్ని భాషల్లో నారాయణుడు కవి అని పొగిడాడు. ఊరున్న సీమ పేరు అందులో రెండేరులనడిమి విషయం. రెండు ఏర్ల మధ్య నేల! కోనసీమకి ఇంతకంటే మంచి పేరు ఉంటుందా? ఇంకో సంగతి, రాజు పొగడ్తలన్నీ సంస్కృతంలో, పొలం సరిహద్దులు మాత్రం తెలుగులో. రేపు గట్టు తగాదా వస్తే చదువుకోవాల్సింది ఊరివాళ్ళు కదా.

ఇంజనీరింగ్ అయ్యేదాకా ఆ ఊరి మీదుగానే తిరిగాను. ఒక్కరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. 2022లో పట్టాభిషేకానికి వెయ్యేళ్ళు నిండాయన్న సంగతి కూడా ఇప్పుడే లెక్కేసుకుంటే తెలిసింది. 900 ఏళ్ళయినప్పుడు, 1922లో, ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెద్దలు ఏకంగా ఒక సంచికే వేశారు. వాళ్ళకి ఇంటర్నెట్ లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి తాతయ్యకి ఇదంతా చెప్పాను. తాతయ్య నలభై ఏళ్ళు కౌలుకి చేసిన మనిషి. అంతా విని, "అయితే ఆ ఊరు బేమ్మడికి ఇచ్చేశాడన్నమాట. మరి దున్నేవోళ్ళ పేర్లు రాసేరేట్రా?" అన్నాడు.

ఆ కాలపు దానశాసనాల్లో రైతుల పేర్లు ఉండవు తాతయ్యా, ఊళ్ళో కాపురమున్న కుటుంబాలందరినీ కలిపి ఒకే మాటలో పిలిచి, ఇక మీరు ఫలానా ఆయనకి కట్టండి అని చెప్తారు అన్నాను.

"ఆయ్, అదెప్పుడూ అంతేలే" అన్నాడు. కాసేపాగి, మంచం మీంచి లేచి కూర్చుని, "సరేగానీ, తూర్పు హద్దు ఏవని రాసేడో చూడు" అన్నాడు.

ఫోన్ తీశాను.