నిర్మాత పోయినను నిలిచిన యంత్రము

యంత్రమును నిర్మించిన సంస్థ అంతరించినను ఆ యంత్రము బ్రదుకవచ్చునా? వాక్స్ కంప్యూటర్ల చరిత్ర ఇందులకు సమాధానము చెప్పుచున్నది.

అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ 1977లో మొదటి వాక్స్‌ను వెలువరించెను. 1979లో బర్కిలీ విశ్వవిద్యాలయమువారు యూనిక్స్ వ్యవస్థను విస్తరించి, జ్ఞాపకశక్తికి మించిన పనులను గూడ దానిచే చేయించిరి. 1998లో ఆ సంస్థను కాంపాక్ కొనెను. కొలది యేండ్లకే వాక్స్ తయారీ నిలిచెను.

అయినను యంత్రము అనాథ కాలేదు. బర్కిలీ సంతతికి చెందిన నెట్‌బీయస్‌డీ 1993లో వెలువడెను. దాని సోర్స్ కోడును ఎవరైనను చదివి దిద్దుకొనవచ్చును. యంత్రమును బట్టి మారు భాగమును, మారని భాగమును వేరుగా నుంచుటచే, మొదటిదానిని మాత్రము వాక్స్‌కై వ్రాసిన చాలెను. ఐనను చిక్కులు లేకపోలేదు. దశాంశ సంఖ్యలను నిలువచేయు వాక్స్ పద్ధతి నేటి ప్రమాణమునకు భిన్నము; అందుచే నేటి ప్రోగ్రాములు కొన్ని తడబడును. వాక్స్ మందగామి కావున, దాని ప్రోగ్రాములను వేగముగల వేరొక యంత్రముపై సిద్ధపరచుటయు కలదు. 2024లో వెలువడిన పదవ సంచిక సైతము వాక్స్‌ను విడువలేదు.

దస్త్రములు కాపాడుటయే వృత్తిగాగల మనము దీనిని గమనింపవలెను. పాత దస్త్రమును తెరచుటకు పాత యంత్రమే శరణ్యమైనపుడు, దానిని నడపు విద్య ఒక్కరి బీరువాలో తాళముపడి యుండరాదు.