అలారం మోగితే ఆగి చూడాలా, వెంటనే బయటికి రావాలా? సినిమా హాళ్లు, హాస్టళ్లలో ప్రాణాలు కాపాడే నిమిషాలివే..

తెలకపల్లి (నాగర్‌కర్నూల్ జిల్లా): రాత్రి రెండు గంటలైంది అనుకోండి. హాస్టల్ హాల్లో పిల్లలు వరుసగా పడుకున్నారు. ఉన్నట్టుండి అలారం మోత. ఒకరు దుప్పటి తీసి చూసి, పక్కవాళ్లు లేవలేదని మళ్లీ కప్పుకున్నారు. ఇంకొకరు "మొన్న కూడా ఇట్లనే మోగింది, ఏం కాలే" అన్నారు. కింద గ్రిల్ గేటుకు తాళం. తాళం చెవి ఎవరి దగ్గరుందో చీకట్లో ఎవరికీ గుర్తు రావడం లేదు.

నిజంగా మంటలుంటే ఈ రెండు మూడు నిమిషాల్లోనే అంతా తేలిపోతుంది. మండల కేంద్రాలన్నింటిలో ఫైర్ స్టేషన్లు లేవు. తెలకపల్లి లాంటి చోటికి ఫైరింజన్ నాగర్‌కర్నూల్ లాంటి పట్టణం నుంచి రావాల్సిందే. అది వచ్చేలోపు లోపలున్నవాళ్లు తీసుకునే నిర్ణయమే వాళ్లను కాపాడుతుంది. అలారం మోగితే ఏం చేయాలి? ఎవరు చెబితే బయటికి రావాలి? గతంలో జరిగిన ప్రమాదాలు ఏం చెబుతున్నాయి? పూర్తి వివరాలు..

మన జిల్లాల్లోనే రెండు చేదు పాఠాలు

2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తకోట మండలం పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు తగలబడింది. 45 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇప్పుడా ఊరు వనపర్తి జిల్లాలో ఉంది. ప్రయాణికుల్లో ఎక్కువ మంది గాఢనిద్రలో ఉన్నారు. అద్దాలు పగలగొట్టుకుని దూకిన కొద్దిమందే బతికారు.

2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. 9 మంది చనిపోయారు. లోపలి సిబ్బంది మంటలను అదుపు చేయడానికి ప్రయత్నించారు. కానీ పొగ సొరంగమంతా కమ్మేసింది. సహాయక బృందాలు కూడా గంటల తరబడి లోపలికి వెళ్లలేకపోయాయి.

ఒకటి బస్సు, ఇంకొకటి పవర్‌హౌస్. హాస్టల్‌కు, సినిమా హాలుకు వీటితో ఏం సంబంధం అనుకోవద్దు. నిద్రలో ఉన్న మనుషులు, తెరుచుకోని దారి, మంట కంటే ముందే వచ్చే పొగ.. ఈ మూడూ కలిస్తే ఎక్కడైనా జరిగేది ఇదే.

మంట కాదు, ముందు పొగే చంపుతుంది

అగ్నిప్రమాదాల్లో చాలామంది కాలిన గాయాల కంటే ముందు ఊపిరాడక చనిపోతారు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. రెండు మూడు సార్లు గట్టిగా పీలిస్తే తల తిరుగుతుంది, కాళ్లలో శక్తి పోతుంది. దారి ఎదురుగా ఉన్నా నడవలేరు. నిద్రపోతున్నవాళ్లను పొగ వాసన లేపుతుందని నమ్మడానికి లేదు. లేపేది శబ్దమే. అందుకే పడుకునే చోట అలారం తప్పనిసరి. చిన్నపిల్లలు అలారానికి కూడా ఒక్కోసారి లేవరు. పెద్దవాళ్లు వెళ్లి తట్టి లేపాల్సిందే.

హైదరాబాద్, సికింద్రాబాద్ ప్రమాదాలు చూస్తే ఇదే కనిపిస్తుంది. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడ తుక్కు గోదాంలో పైన పడుకున్న 11 మంది బిహార్ కార్మికులు చనిపోయారు. కిటికీలోంచి దూకిన ఒక్కరే బయటపడ్డారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో 8 మంది చనిపోయారు. మంట మొదలైంది కింద ఉన్న ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో. పొగ మాత్రం మెట్ల దారి గుండా పై గదుల్లోకి చేరింది. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్ హౌస్ దగ్గర ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. అక్కడా తెల్లవారి పూటే, లోపలికి ఇరుకు దారే.

మెట్ల దారి పొగకు చిమ్నీ లాంటిది. కింద మంట లేస్తే పొగ మెట్ల మీదుగానే పైకెక్కుతుంది. రెండో దారి లేని భవనంలో పై అంతస్తువాళ్లకు మిగిలేది కిటికీ ఒక్కటే. ఆ కిటికీకి కూడా ఊడరాని ఇనుప చువ్వలుంటే ఇక చెప్పేదేముంది?

ఉపహార్: సినిమా ఆపలేదు.. మైకులో చెప్పలేదు

థియేటర్ల విషయంలో దేశం మొత్తం గుర్తుపెట్టుకున్న పేరు ఢిల్లీలోని ఉపహార్. 1997 జూన్ 13. 'బోర్డర్' సినిమా మ్యాట్నీ షో. గ్రౌండ్ ఫ్లోర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ రోజు పొద్దున్నే ఒకసారి మంటలొచ్చాయి. హడావుడిగా రిపేర్ చేశారు. సాయంత్రం 5 గంటల ప్రాంతంలో మళ్లీ అంటుకుంది. పక్కన పార్కింగ్‌లోని కార్లకు పాకింది. పొగ మెట్ల మీదుగా బాల్కనీలోకి చేరింది. 59 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు.

కోర్టుల్లో తేలిన విషయాలు వింటే గుండె బరువెక్కుతుంది. అదనపు సీట్లు వేయడానికి బాల్కనీలో కుడివైపు నడిచే దారి మూసేశారు. ఒక ఎగ్జిట్‌కు అడ్డంగా ఫ్యామిలీ బాక్స్ కట్టారు. మైకులో ప్రకటన రాలేదు. ఎమర్జెన్సీ లైట్లు లేవు. తలుపుకు గడియ పడి ఉంది. కింద హాల్లో కూర్చున్నవాళ్లు బయటపడ్డారు. బాల్కనీవాళ్లు చీకట్లో, పొగలో తలుపులు వెతుక్కుంటూ కుప్పకూలారు.

మంట పుట్టినప్పటి నుంచి జనానికి తెలిసే వరకు పోయిన సమయమే అక్కడ ప్రాణాలు తీసింది. తెర మీద బొమ్మ ఆడుతున్నంతసేపు ప్రేక్షకుడు లేవడు. వచ్చే పొగ వాసన కూడా సినిమాలోదే అనుకుంటాడు. అందుకే ప్రమాదం అని తెలిసిన వెంటనే ఆపరేటర్ చేయాల్సినవి మూడు: షో ఆపాలి, హాల్లో లైట్లు వేయాలి, మైకులో సూటిగా చెప్పాలి.

చెప్పే మాటతోనే ప్రాణాలు నిలబడతాయి

జనానికి నిజం చెబితే తొక్కిసలాట జరుగుతుందని చాలామంది మేనేజర్ల భయం. పరిశోధనలు చెప్పేది వేరు. ప్రమాదంలో జనం ముందు చేసేది పరుగు కాదు, ఆలస్యం. పక్కవాళ్ల మొహాలు చూస్తారు, సామాన్లు సర్దుకుంటారు.

1968లో అమెరికాలో లటానే, డార్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులను గదిలో కూర్చోబెట్టి ఫారాలు నింపమన్నారు. గోడలోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది బయటికొచ్చి చెప్పారు. ఏమీ పట్టనట్టు నటించే ఇద్దరి పక్కన కూర్చోబెడితే మాత్రం చెప్పింది 10 శాతమే! పక్కవాళ్లు కదలకపోతే మనమూ కదలం. హాస్టల్ హాల్లో, సినిమా హాల్లో ఇదే జరుగుతుంది.

1977 మే 28న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బెవర్లీ హిల్స్ సప్పర్ క్లబ్ అనే పెద్ద హాల్లో మంటలు లేచాయి. 165 మంది చనిపోయారు. అయితే బల్లలు తుడిచే 18 ఏళ్ల కుర్రాడు వాల్టర్ బెయిలీ వేదిక ఎక్కి మైకు అందుకున్నాడు. మంటలున్నాయని చెప్పి, దారులెటున్నాయో చూపించాడు. వందల మంది ఆ మాట విని బయటపడ్డారు. పై అధికారి అనుమతి కోసం అతను ఎదురుచూసి ఉంటే మృతుల సంఖ్య ఇంకా పెరిగేదే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 1913 డిసెంబర్ 24న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం క్యాల్యుమెట్‌లో క్రిస్మస్ వేడుకలో ఎవరో "మంటలు" అని అరిచారు. మంటే లేదు. మెట్ల మీద తొక్కిసలాటలో 73 మంది చనిపోయారు, అందులో ఎక్కువ మంది పిల్లలే. 2024 డిసెంబర్ 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఓ మహిళ చనిపోయిన ఘటనలోనూ మంట లేదు. గేటు దగ్గర కిక్కిరిసిన జనం చాలు.

కాబట్టి అరవడం కాదు, చెప్పడం ముఖ్యం. "షో ఆపుతున్నాం. బాల్కనీవాళ్లు ఎడమవైపు తలుపులోంచి, కిందివాళ్లు తెర పక్క తలుపుల్లోంచి బయటికి నడవండి" అని చెబితే జనం వింటారు. ఏమైందో, ఎటు పోవాలో.. రెండూ ఆ మాటలో ఉండాలి.

ఇంకో సంగతి. జనం వచ్చిన దారినే పోవాలని చూస్తారు. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని స్టేషన్ నైట్‌క్లబ్‌లో 100 మంది చనిపోయారు. వేరే తలుపులున్నా ఎక్కువ మంది మెయిన్ డోర్ వైపే వెళ్లి అక్కడ ఇరుక్కుపోయారు. హాల్లో కూర్చోగానే మీకు దగ్గరి ఎగ్జిట్ ఎటుందో ఒకసారి తల తిప్పి చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

18 సార్లు ఉత్తదే.. ఆ తర్వాత నిజమైంది

ఉత్తుత్తి అలారాలు ఎంత ప్రమాదమో చెప్పే ఘటన అమెరికా న్యూజెర్సీలోని సెటన్ హాల్ యూనివర్సిటీలో జరిగింది. 2000 జనవరి 19 తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో బోలండ్ హాల్ అనే హాస్టల్‌లో అలారం మోగింది. అంతకు ముందు సెమిస్టర్‌లో 18 సార్లు తప్పుడు అలారం మోగి ఉండటంతో చాలామంది ఇదీ అలాంటిదే అనుకున్నారు. ఈసారి మంట నిజం. ముగ్గురు విద్యార్థులు చనిపోయారు, 50 మందికి పైగా గాయపడ్డారు. ఆ తర్వాత న్యూజెర్సీలో హాస్టళ్లలో స్ప్రింక్లర్లు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది.

మన దగ్గర అలారం పదే పదే మోగితే జరిగేది ఒకటే. ఎవరో ఒకరు దాని వైరు పీకేస్తారు. లేదా డిటెక్టర్‌కు పాలిథిన్ కవర్ చుట్టేస్తారు. అసలు పరిష్కారం అది కాదు. పొగ డిటెక్టర్ దుమ్ముకు, ఆవిరికి, పోపు పొగకు కూడా స్పందిస్తుంది. వంటగదిలో పొగ డిటెక్టర్ బదులు వేడికి స్పందించే హీట్ డిటెక్టర్ పెట్టించాలి. బాత్రూంల ముందు నుంచి డిటెక్టర్‌ను జరపాలి. దుమ్ము దులిపించాలి. మోగిన ప్రతిసారీ తేదీ, సమయం, కారణం రిజిస్టర్‌లో రాయాలి.

గేటు తాళం సంగతేంటి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆడపిల్లల హాస్టల్‌కు రాత్రి తాళం వేయకపోతే తల్లిదండ్రులే ఊరుకోరు. బయటివాళ్లు వస్తారన్న భయం నిజమైనదే. వార్డెన్ మీద ఆ బాధ్యత ఉంది. కానీ తాళం పడిన గ్రిల్ మంటల రాత్రి జైలు అవుతుంది. రెండు భయాల్లో ఒకదాన్ని వదిలేయాల్సిన పని లేదు. బయటి నుంచి తెరుచుకోకుండా, లోపలి నుంచి నెడితే తెరుచుకునే తలుపులున్నాయి. తలుపు తెరిస్తే బెల్ మోగేలా పెట్టొచ్చు. అంత ఖర్చు పెట్టలేకపోతే కనీసం ఇలా చేయాలి:

• తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉండకూడదు. ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఒకటి వార్డెన్ దగ్గర, ఒకటి తలుపు పక్కన అద్దం పెట్టెలో లోపలివైపు ఉండాలి.
• తాళం చెవి ఉన్నవాళ్లు అదే అంతస్తులో, తలుపుకు దగ్గరగా పడుకోవాలి.
• మెట్ల దగ్గర ట్రంకు పెట్టెలు, పరుపులు, బియ్యం బస్తాలు పెట్టొద్దు.
• ప్రతి హాలుకు రెండో దారి ఉండాలి. కిటికీ గ్రిల్స్‌లో కనీసం ఒకటి లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలి.

అలారం మోగితే.. వరుసగా ఇవే

1. హాస్టల్‌లో రాత్రి అలారం మోగితే నిజమా కాదా అని చూస్తూ కూర్చోవద్దు. ముందు అందరూ బయటికి. తేల్చుకోవడం తర్వాత. ఉత్తదే అయితే పోయేది పావుగంట నిద్ర మాత్రమే.
2. పుస్తకాలు, ఫోన్, బ్యాగు కోసం ఆగొద్దు. పక్కవాళ్లను తట్టి లేపాలి.
3. తలుపు మూసి ఉంటే చేతి వెనుక భాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తెరవొద్దు. వేరే దారి చూడాలి.
4. పొగ ఉంటే వంగి లేదా పాకుతూ వెళ్లాలి. నేలకు దగ్గర గాలి కాస్త మెరుగ్గా ఉంటుంది.
5. లిఫ్ట్ వాడొద్దు. వెనుక తలుపులు దగ్గరగా వేసుకుంటూ వెళ్లాలి, తాళం వేయొద్దు.
6. 101 లేదా 112కు ఫోన్ చేయాలి. ఊరు, మండలం, దగ్గరలోని గుర్తు చెప్పాలి. అవతలివాళ్లు పెట్టేసే వరకు మీరు పెట్టొద్దు.
7. బయట ముందే అనుకున్న చోట నిలబడి పేర్లు పిలవాలి. రాత్రి హాజరు పట్టీ వార్డెన్ చేతిలో ఉండాలి. ఎవరైనా తగ్గితే ఫైర్ సిబ్బందికి చెప్పాలి. మళ్లీ లోపలికి వెళ్లొద్దు.

బయటికి దారే లేకపోతే? తలుపు మూసి, కింది సందులో తడి గుడ్డలు కుక్కాలి. కిటికీ దగ్గర నిలబడి టార్చ్ లేదా ఫోన్ లైటు ఊపాలి. బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తొద్దు, నేల మీద దొర్లాలి.

ఆర్పాలా, పోవాలా? మంట చెత్తబుట్టంత ఉండి, మీ వెనుక దారి ఖాళీగా ఉండి, అందరికీ సమాచారం వెళ్లిపోయి, సిలిండర్ వాడటం తెలిస్తేనే ఆర్పే ప్రయత్నం చేయాలి. వీటిలో ఒక్కటి లేకున్నా బయటికి రావడమే మేలు.

చట్టం ఏం చెబుతోంది?

1999 నాటి అగ్నిమాపక సర్వీసు చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటి జనం చేరే భవనాలు 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, 6 మీటర్ల ఎత్తు దాటినా ఫైర్ ఎన్ఓసీ తీసుకోవాలి. అంటే ఒక అంతస్తు పైకి లేచిన చాలా భవనాలు దీని కిందికి వస్తాయి. థియేటర్లకు బీ ఫామ్ లైసెన్స్ ఉండాలి. అయితే గోడకు వేలాడే కాగితం గేటు తాళం తీయదు. ఎన్ఓసీ ఉందా అని అడిగినట్టే, అలారం చివరిసారి ఎప్పుడు మోగించి చూశారని కూడా అడగాలి.

తల్లిదండ్రులు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

• రాత్రి తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? వాళ్లు ఎక్కడ పడుకుంటారు?
• పిల్లలు పడుకునే హాలుకు రెండో దారి ఉందా?
• అలారం పనిచేస్తోందా? కరెంటు పోయినా మోగుతుందా?
• బయటికొచ్చాక పిల్లలు ఎక్కడ నిలబడాలో వాళ్లకు తెలుసా?
• మాక్ డ్రిల్ ఎప్పుడు చేశారు? రాత్రి పూట ఒక్కసారైనా చేశారా?

చివరి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. పగలు గ్రౌండ్‌లో చేసే డ్రిల్‌లో అందరూ మెలకువగా ఉంటారు, గేట్లన్నీ తెరిచి ఉంటాయి. నిజమైన పరీక్ష రాత్రి లైట్లు ఆర్పేశాక ఉంటుంది. ఒక్కసారి వాచ్ పెట్టుకుని చూడండి. ఆఖరి అమ్మాయి గేటు దాటడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో తెలిస్తే, ఆ తాళం ఎక్కడుండాలో వేరే చెప్పక్కర్లేదు.