మధుమేహంలో రొట్టె భోజనం

మధుమేహం (చక్కెర వ్యాధి) ఉన్నవారు రక్తంలోని గ్లూకోజు ఒక్కసారిగా పెరగకుండా ఉండుటకు అన్నానికి బదులుగా చపాతీ, పుల్కా, జొన్నరొట్టె వంటివాటిని కూరతో తినే విధానమే రొట్టె భోజనం. రాత్రిపూట అన్నం మాని చపాతీ తినడం తెలుగువారిలో దీనికి బాగా తెలిసిన రూపం. అయితే గోధుమలో కూడా ఎక్కువ భాగం పిండిపదార్థమే. కనుక ఎన్ని రొట్టెలు తిన్నారు, ఏ కూరతో తిన్నారు అన్నదానిపైనే ఫలితం ఆధారపడి ఉంటుంది.

పిండిలో తేడాలు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం, 3 గ్రాముల పీచు ఉన్నాయి. గోధుమపిండిలో ఇవి వరుసగా 64, 11 గ్రాములు. జొన్నలలో 68, 10 గ్రాములు. మైదాలో పీచు బియ్యంలో ఉన్నంతే. అందువలన మైదాతో చేసే నాన్, రుమాలీ రొట్టె, పరోటాలను పుల్కాతో సమానంగా భావించరాదు.

ఒక్కొక్క పుల్కాకు 30 గ్రాముల పిండి పట్టినచో నాలుగు పుల్కాలలో సుమారు 77 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. 100 గ్రాముల బియ్యం వండి తిన్నా దాదాపు అంతే. తేడా పీచులో మాత్రమే. రెండు పుల్కాలు తిని, కడుపు నిండలేదని పెరుగన్నం కలుపుకొనే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. దీనివలన మార్పుకు ప్రయోజనం పెద్దగా మిగలదు.

కూర పాత్ర

పీచు, మాంసకృత్తులు జీర్ణక్రియను నిదానింపజేస్తాయి. కనుక పప్పు, ఆకుకూరలు, బీర, సొర, బెండ, వంకాయ, గుడ్డు, చేప రొట్టెకు తగిన తోడు. హోటళ్ళలో చపాతీతో తరచుగా ఇచ్చే బంగాళాదుంప కుర్మా అలాంటిది కాదు. అది పిండిపై మరింత పిండి. కూర, పప్పు ముందుగా తిని రొట్టెను చివర తిన్నచో భోజనానంతర గ్లూకోజు తక్కువగా పెరుగుతుందని కొన్ని పరిశోధనలలో తేలింది. నూనె కూడా జీర్ణక్రియను నిదానింపజేస్తుంది గాని, కెలోరీలు, బరువు పెరుగుతాయి.

జాగ్రత్తలు

ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు మందు మోతాదు మార్చకుండా రాత్రి భోజనాన్ని ఒక పుల్కాకు కుదించుకొనుట ప్రమాదకరం. గ్లూకోజు 70 మి.గ్రా./డె.లీ. కంటే తగ్గి చెమటలు, వణుకు, తికమక కలుగవచ్చు. నిద్రలో ఇవి గుర్తించబడకపోవచ్చు. అప్పుడు రొట్టె, కూర పెట్టడం సరైన చికిత్స కాదు, అవి నిదానంగా జీర్ణమవుతాయి. స్పృహలో ఉన్నవారికి వెంటనే 15 గ్రాముల గ్లూకోజు గాని చక్కెర గాని నీటిలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత మరల పరీక్షించాలి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయక ఆసుపత్రికి తరలించాలి.

మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పప్పు, మాంసం ఎంత తినవచ్చునో వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. గోధుమలోని గ్లూటెన్ పడనివారు జొన్న, సజ్జ, రాగి రొట్టెలు తినవచ్చు.

ఒకే రొట్టెకు అందరిలోనూ గ్లూకోజు ఒకే విధంగా పెరగదు. భోజనం ప్రారంభించిన రెండు గంటలకు గ్లూకోమీటరుతో పరీక్షించుకొన్నచో ఎవరికి ఎన్ని రొట్టెలు సరిపడునో తెలుస్తుంది. గర్భిణులు కాని పెద్దలలో చాలామందికి ఇది 180 మి.గ్రా./డె.లీ. లోపు ఉండుట లక్ష్యంగా పెట్టుకొంటారు.